ఎలుకది తప్పని ఎవరన్నారు?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రాత్రి భోజనమయ్యాక చదవబోయి మొదటి పేరాలోనే ఆగిపోయాను. "ఒత్తిడి హార్మోన్లు పెరిగితే ఎలుక తప్పుడు నిర్ణయాలు తీసుకుంటుంది" అని రాశావు. తప్పుడు అని ఎవరన్నారు? ఎలుకని అడిగావా?

నువ్వు ఎత్తుకున్న ప్రయోగం వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలోని ఫ్లొరెస్కో బృందం 2012లో ప్రచురించినది. దానికి నువ్విచ్చింది రెండు వాక్యాలు, మెదడు భాగాల పేర్లకేమో పేజీన్నర. తిరగెయ్యి. ముందు మమ్మల్ని ఆ పెట్టెలోకి తీసుకెళ్లు. అందులో రెండు మీటలుంటాయి. ఒకదాన్ని ఒక్కసారి నొక్కితే 2 మేత గుళికలు పడతాయి. రెండోదానికి 4 పడతాయి, కాకపోతే దాన్ని మొదట్లో 2 సార్లు, తర్వాత 5, 10, చివరికి 20 సార్లు నొక్కాలి. నొక్కుళ్లు పెరిగేకొద్దీ మామూలు రోజున కూడా ఎలుక కొంత వెనక్కి తగ్గుతుంది. గంటసేపు కదలనివ్వకుండా బిగించి ఉంచి వదిలితే ఇంకా తగ్గింది. ఏ మీట నొక్కాలో తేల్చుకోవడానికీ ఎక్కువసేపు పట్టింది. జరిగింది అంతే. గంటసేపు నలిగిన ప్రాణి "ఇరవైసార్లు ఎవరు నొక్కుతారు, ఆ రెండే చాలు" అనుకుంటే అది తప్పెలా అవుతుంది? (అనుకుందని నీకు రాసే ఉత్తరంలో గనక అంటున్నాను. నువ్వు వ్యాసంలో అనకు.)

నువ్వు దాటేసిన సంగతి ఇంకోటుంది. ఎక్కువ తిండి కోసం కాసేపు ఆగాల్సి వచ్చే పరీక్షలో, అదే ఒత్తిడి పెట్టినా ఎలుకల ఎంపిక మారలేదు. కష్టపడటానికి వెనకాడాయి గానీ ఎదురుచూడటానికి కాదు. నాకైతే మొత్తం వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉందనిపించింది.

ఇక హార్మోన్ దగ్గరికి వద్దాం. "ఇదంతా కార్టికోస్టెరోన్ వల్లే" అని తేల్చేశావు. మనలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎలాగో ఎలుకల్లో అది అలాగ కాబట్టి ఎవరికైనా ముందు దాని మీదే అనుమానం వస్తుంది. ఫ్లొరెస్కో బృందానికీ వచ్చింది. ఒత్తిడి పెట్టకుండా ఆ హార్మోన్ మాత్రమే ఇచ్చి చూశారు. ఒత్తిడి చేసిన పని అది చెయ్యలేదు! 2016లో అదే ల్యాబ్ సి.ఆర్.ఎఫ్. (కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్) అనే మెదడు రసాయనం వైపు వేలు చూపింది. మెదడు అడుగునున్న హైపోథలామస్ నుంచి, కార్టికోస్టెరోన్‌ని విడుదల చేసే అడ్రినల్ గ్రంథి దాకా వెళ్లే కబురులో మొదటి మాట దానిదే. మెదడులో వేరే చోట్ల కూడా దానికి పనులున్నాయి. దాన్ని అడ్డుకునే మందు ముందే మెదడులోకి ఇస్తే ఒత్తిడి ప్రభావం తగ్గింది. ఒత్తిడి లేకుండా దాన్నే ఎక్కిస్తే ఎలుకలు సులువైన మీట వైపు మొగ్గాయి. దొంగ దొరికాడనుకున్నాక వాడు కాదని తేలడం! ఇంత మంచి మలుపుని ఎవరైనా వదులుకుంటారా?

నిన్ను అనడానికి నేనేం తక్కువ కాదులే. "ఒత్తిడికి మెదడు కుంచించుకుపోతుంది" అని ఒకప్పుడు ధీమాగా రాశాను. మెదడులో ఏ భాగమండీ అని ఒక పాఠకుడు కార్డు రాస్తే జవాబివ్వలేకపోయాను. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ప్రచురించిన పని ఆ తర్వాతెప్పుడో చదివాను. రోజూ రెండేసి గంటల చొప్పున పది రోజులు ఎలుకల్ని కదలనివ్వకపోతే జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు తగ్గాయి, భయంతో ముడిపడ్డ అమిగ్డలాలో పెరిగాయి. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

గంట ఒత్తిడినీ వారాల ఒత్తిడినీ ఒకే పేరాలో కలిపేశావు, విడదియ్యి. పోర్చుగల్‌లోని మిన్హో యూనివర్సిటీ వాళ్ల 2009 ప్రయోగం రెండో రకం. వారాల తరబడి ఒత్తిడి పడ్డ ఎలుకలకి ఒక తిండి కడుపునిండా పెట్టాక కూడా, ఆ తిండి తెచ్చే మీటనే నొక్కుతూ పోయాయి. కరెంటు పోయిందని తెలిసీ గదిలోకి రాగానే స్విచ్ మీదికి చెయ్యి పోతుందే, అలాగ. ఈ పోలిక కావాలంటే వాడుకో, కానీ దాన్ని ఆసరా చేసుకుని "మనమూ అంతే" అని మనుషుల మీదికి దూకకు. నీ చివరి పేరా మొత్తం ఆ దూకుడే, కొట్టెయ్యి.

"నిర్బంధ ఒత్తిడి" అన్న మాట కూడా తీసెయ్యి, జైలు వార్తలా ఉంది. బిగించి ఉంచారు అంటే చాలు. శనివారంలోపు మళ్లీ పంపు, ఆదివారం ఊరెళ్తున్నాను.