ముందు తప్పు మీరు చెయ్యండి, తర్వాత ఏఐని అడగండి

ఏఐ వాడకం గురించి, దానివల్ల మన బుర్రలు ఏమవుతున్నాయన్న అనుమానం గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్రశ్న: కాలిక్యులేటర్ వచ్చినప్పుడు పిల్లలకి ఎక్కాలు రావన్నారు. సెల్‌ఫోన్ వచ్చాక నంబర్లు గుర్తుండవన్నారు. ఇప్పుడు ఏఐ వాడితే మెదడు మొద్దుబారుతుందంటున్నారు. ఇదీ ఆ బాపతు గోలేనా?

జవాబు: సగం ఆ బాపతే. మిగతా సగాన్ని కొట్టిపారెయ్యలేం.

కాలిక్యులేటర్ సంగతే తీసుకోండి. అప్పటిదాకా జరిగిన 79 అధ్యయనాలను హెంబ్రీ, డెసార్ట్ అనే పరిశోధకులు 1986లో కలిపి చూశారు. మామూలుగా లెక్కలు నేర్పుతూ దాంతోపాటు కాలిక్యులేటర్ ఇచ్చిన చోట పిల్లల చేతిలెక్క దెబ్బతినలేదు, సగటు పిల్లల్లో కాస్త మెరుగైంది కూడా. ఒక్క నాలుగో తరగతిలో మాత్రం కథ అడ్డం తిరిగింది. చేతిలెక్క ఇంకా కుదురుకోని వయసులో యంత్రం అందితే ఆ కుదురు రాదని మేం దాన్ని అర్థం చేసుకుంటాం.

ఏఐకీ కాలిక్యులేటర్‌కీ తేడా ఎక్కడంటే, ఏ అంకెని దేనితో హెచ్చవెయ్యాలో కాలిక్యులేటర్‌కి మీరే చెప్పాలి. చాట్‌బాట్‌కి ప్రశ్న మొత్తం అప్పజెబితే హెచ్చవెయ్యాలా భాగించాలా అన్నది కూడా అదే తేలుస్తుంది. బుర్రకి అసలు పని ఉండేది ఆ తేల్చుకోవడంలోనే.

ఇక అందరూ పంపిస్తున్న వార్త. 2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌వాళ్లు 54 మందిని మూడు గుంపులు చేసి, మెదడులోని విద్యుత్ కదలికల్ని నమోదు చేసే ఈఈజీ పరికరం తలకి తొడిగి వ్యాసాలు రాయించారు. ఒక గుంపుకి చాట్‌జీపీటీ, ఒకదానికి సెర్చ్ ఇంజిన్, మూడోదానికి ఏమీ లేదు. చాట్‌జీపీటీ గుంపులో 18 మందికి 15 మంది, తాము అప్పుడే ఇచ్చిన వ్యాసంలోంచి ఒక వాక్యం చెప్పమంటే తడబడ్డారు. మెదడు భాగాల మధ్య అనుసంధానం కూడా ఆ గుంపులోనే అన్నిటికంటే తక్కువగా కనిపించింది. అంతవరకు నిజం. కాని ఫలితాలు బయటపెట్టేనాటికి దాన్ని వేరే నిపుణులు పరిశీలించలేదు. గుంపులు మార్చి చేసిన నాలుగో విడతకి మిగిలింది 18 మందే. మెదడు కుళ్లిపోతోంది, పాడైపోతోంది లాంటి మాటలు వాడొద్దని ఆ పరిశోధకులే కోరారు. బండెక్కిన మనిషి కాళ్లు ఆ అరగంట తక్కువ పని చేస్తాయి, అంతమాత్రాన కాళ్లు పడిపోయినట్టు కాదు. రోజూ నడకే మానేస్తే అప్పుడు అనుమానించాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. లెక్కల హోంవర్క్ ఏఐతో చేస్తాడు. అన్నీ సరిగ్గానే ఉంటాయి. అడిగితే అర్థమైందనే అంటాడు. పరీక్షలో మాత్రం చేతులెత్తేస్తున్నాడు. పూర్తిగా మాన్పించాలా?

జవాబు: మాన్పించక్కర్లేదండి, వరస మార్పించండి. మీవాడు అబద్ధం చెప్పడం లేదు. అర్థమైందనే అనుకుంటున్నాడు, చిక్కంతా అక్కడే ఉంది.

టర్కీలో వెయ్యిమందికి దగ్గర హైస్కూల్ విద్యార్థుల మీద లెక్కల్లోనే ఒక ప్రయోగం జరిగింది. అడిగినదానికి నేరుగా జవాబిచ్చే చాట్‌బాట్ ఒక గుంపుకిచ్చారు. ఇంకో గుంపుకి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయులతో సరిచేయించిన చాట్‌బాట్ ఇచ్చారు. అభ్యాసం చేస్తున్నంతసేపూ మొదటి గుంపు ఏఐ లేనివాళ్లకంటే 48 శాతం, రెండోది 127 శాతం మెరుగు. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెడితే మొదటి గుంపు, అసలు ఏఐ ముట్టనివాళ్లకంటే 17 శాతం వెనకబడింది. సూచనల గుంపుకి ఆ నష్టం దాదాపు లేదు. వెనకబడ్డవాళ్లకి తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతే తెలియలేదు.

ఇంట్లో చెయ్యాల్సింది ఒక లెక్క పెట్టుకుని చూపిస్తాం. ఒక బండి వెళ్లేటప్పుడు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 40 వేగంతో తిరిగొచ్చింది. సగటు వేగం ఎంత? చాలామంది పిల్లలు 60, 40 కూడి రెండుతో భాగించి 50 అంటారు. అననివ్వండి. ఏఐని అడిగితే 48 అని మెట్టుమెట్టుగా చూపిస్తుంది, కుర్రాడు తలూపుతాడు, మర్నాటికి మళ్లీ 50 అంటాడు. 50 అని తన చేత్తో రాసినవాడికి మాత్రం 48 కనపడగానే ఎక్కడో గుచ్చుకుంటుంది. అప్పుడు దూరం 120 అనుకుని వేసి చూడమనండి. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. నెమ్మది వేగంతో ఎక్కువసేపు నడిచింది కాబట్టి సగటు అటు జరిగిందన్నది వాడికే తడుతుంది.

కాబట్టి ముందు పది నిమిషాలు కాగితం, పెన్ను, అంతే. తప్పైనా సరే రెండు వరుసలైనా పడాలి. తర్వాత ఆ వరుసల్ని టైపు చేసి, ‘జవాబు చెప్పొద్దు, నేను చేసినదాంట్లో మొదటి తప్పు ఏ వరుసలో ఉందో మాత్రం చెప్పు’ అని అడగాలి. సరిదిద్దుకున్నాక చాట్ మూసేసి మొత్తం మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి. మర్నాడు అంకెలు మార్చి ఇంకోటి, 90, 45 అని ఇవ్వండి. 60 వస్తే పట్టుకున్నట్టే, 67.5 వస్తే ఇంకా పట్టుకోలేదు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ‘నాకు రావట్లేదు’ అని రెండుసార్లు టైపు చేస్తే చాలా చాట్‌బాట్లు మెత్తబడి జవాబంతా ఒలకబోస్తాయి. కాగితం మీద వరుస పడందే ఫోన్ చేతికి రాదన్న నియమం అందుకే. రెండోది, లెక్కని ఫోటో తీసి పెట్టనివ్వకండి. ప్రశ్నని సొంత మాటల్లో టైపు చెయ్యడంలోనే సగం లెక్క విడిపోతుంది.

మిగతా పాఠాల విషయంలోనూ ఇంతే. రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తుంది. మళ్లీ చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి 75 శాతమే. వారం పోయాక అడిగితే మళ్లీ చదివినవాళ్లు 42కి పడిపోయారు, గుర్తు తెచ్చుకున్నవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు. ఏఐ ఇచ్చిన చక్కటి నోట్సు చదువుకోవడం మళ్లీ చదవడం కిందికే వస్తుంది. దాన్ని ప్రశ్నలు అడిగేదానిగా వాడుకుంటే మాత్రం బంగారం.

ప్రశ్న: ఆఫీసులో ఇరవై పేజీల సర్క్యులర్ వస్తే అందరూ ఏఐతో ఒక పేజీ చేయించుకుంటున్నారు. నేను మొత్తం చదువుతుంటే చాదస్తం అంటున్నారు. సారాంశాన్ని నమ్మొచ్చా?

జవాబు: చాదస్తం కాదు గాని, ఇరవై పేజీలూ ఒకే శ్రద్ధతో చదవక్కర్లేదు.

సారాంశంలో ముందుగా ఊడిపోయేవి మినహాయింపులు. మూలంలో ఇలా ఉందనుకోండి: ‘ఇదివరకే నమోదైనవారు తప్ప మిగిలినవారు ముందుగా ధ్రువీకరణ పొంది, 30వ తేదీలోపు దరఖాస్తు ఇవ్వాలి.’ సారాంశంలో ‘ధ్రువీకరణతో 30వ తేదీలోపు దరఖాస్తు చెయ్యాలి’ అని రావచ్చు. చదవడానికి హాయిగా ఉంది, ఒక్క అబద్ధం లేదు. కాని ‘తప్ప’ పోయింది. నమోదైనవాళ్లంతా అక్కర్లేని ధ్రువీకరణ కోసం తిరుగుతారు.

అందుకని సారాంశం తెరవకముందు మూలంలో ‘తప్ప, మినహా, అయితే, లోపు, మించకుండా, కనీసం’ అన్న మాటల కోసం వెతికి గుర్తు పెట్టండి. అంకెలకీ తేదీలకీ సున్నా చుట్టండి. ఇదంతా పావుగంట పని. ఆ తర్వాత సారాంశం తీసి, గుర్తు పెట్టినవాటిలో ఏది రాలేదో చూడండి. చాలాసార్లు మీకు పనికొచ్చేది ఆ రానిదే. మీ పేరుతో పైకి వెళ్లే నోట్ అయితే దాని సారం అయిదు వాక్యాల్లో ముందు మీరే రాసుకోండి.

‘ఇది నిజమేనా?’ అని దాన్నే తిరిగి అడగడం సరిచూడటం కిందికి రాదు. న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పుల్ని కోర్టుకి సమర్పించారు. వాటిలో ఒక తీర్పు నిజంగా ఉందా అని వాళ్లలో ఒకాయన చాట్‌జీపీటీనే అడిగాడు. ఉందంది. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. తీర్పుల గ్రంథాలయంలో ఒక్కసారి వెతికి ఉంటే అక్కడితో పోయేది.

ప్రశ్న: చాట్‌బాట్ చెప్పినదాన్ని ‘తప్పేమో’ అంటే వెంటనే ‘మీరన్నది నిజమే, క్షమించండి’ అని మాట మార్చేస్తోంది. ఏ మాట నమ్మాలి?

జవాబు: రెండూ వద్దు. ఈ మోడళ్లకి తర్ఫీదులో భాగంగా, మనుషులకి ఏ జవాబు నచ్చిందో చూసి అటు మొగ్గేలా నేర్పుతారు. మనకి నచ్చేవాటిలో మన మాటని ఒప్పుకోవడం ఒకటి. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి ఇచ్చిన ఒక అప్‌డేట్ ప్రతిదానికీ భజన చేస్తోందని గోల రావడంతో ఓపెన్‌ఏఐ దాన్ని కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

మీ అభిప్రాయం దానికి తెలియనివ్వకండి. ‘ఈ పథకం బాగుంది కదా’ అనకుండా, ‘ఇద్దరు ఇలా వాదిస్తున్నారు, ఇద్దరి వాదనలోనూ బలహీనమైన చోటు చూపించు’ అనండి. అనుమానం వస్తే అదే చాట్‌లో గుచ్చకుండా, కొత్త చాట్ తెరిచి ప్రశ్నని తిరగేసి అడగండి. రెండు చోట్లా ఒకే జవాబు వచ్చినా అది రుజువైపోదు. వేరువేరు జవాబులు వస్తే మాత్రం దానికి తెలియదని తేలిపోయినట్టే.

ప్రశ్న: నేను కాలేజీలో పాఠం చెబుతాను. వ్యాసాలు ఏఐతో రాశారో లేదో పట్టే సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. పనిచేస్తుందా?

జవాబు: ఒక పిల్లని దోషిగా నిలబెట్టేంత నమ్మకంగా పనిచెయ్యదు. ఓపెన్‌ఏఐ సొంతంగా చేసిన పరికరం, వాళ్ల లెక్క ప్రకారమే, ఏఐ రాతలో 26 శాతాన్ని మాత్రమే పట్టింది. మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని ఏఐ రాత అంది. 2023 జులైలో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి రాసిన వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున 61 శాతాన్ని ఏఐ రాత కింద జమకట్టాయి. చిన్న చిన్న మాటలతో, జాగ్రత్తగా రాసేవాళ్లకే ఈ దెబ్బ.

ఆ సమయం వేరేచోట పెట్టండి. వ్యాసం తీసుకునేటప్పుడు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, ‘ఈ పేరా ఎందుకు ఇక్కడ పెట్టావు? దీన్ని తీసేస్తే ఏం పోతుంది? నువ్వు ఒప్పుకోని వాదన ఏది?’ అని అడగండి. రాసుకున్నవాడు తప్పులతోనైనా మాట్లాడతాడు. రాయించుకున్నవాడు వ్యాసంలో ఉన్నదే మళ్లీ చదువుతాడు. క్లాసులో అరవైమంది ఉంటే అందరినీ అడగలేరు. చీటీ తీసి పదిమందిని అడగండి, మిగతా యాభైమందీ ఆ భయంతోనైనా రాసుకొస్తారు.

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని. ఏఐతో పని రెట్టింపు వేగంగా అవుతున్నట్టుంది. దీని మీద కూడా అనుమానమేనా?

జవాబు: ‘అవుతున్నట్టుంది’ అన్నారు చూశారా, దాని మీదే. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకి వాళ్ల సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చి, కొన్నిటికి ఏఐ వాడనిచ్చింది, కొన్నిటికి వద్దంది. వేగం 24 శాతం పెరుగుతుందని మొదలుపెట్టేముందు వాళ్లు అనుకున్నారు. అయ్యాక కూడా 20 శాతం పెరిగిందనే అన్నారు. గడియారం ప్రకారం 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. బాగా తెలిసిన పెద్ద కోడ్, అప్పటి పరికరాలు కాబట్టి దీన్ని అందరికీ అంటగట్టలేం.

మీ సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఒకే స్థాయి పనులు ఇరవై తీసుకుని బొమ్మా బొరుసా వేసి ఏఐతోనా, లేకుండానా అన్నది నిర్ణయించండి. మొదలు, ముగింపు రాసి పెట్టండి. ఏఐకి ఏం కావాలో చెప్పే ప్రాంప్ట్ రాసిన సమయం, జవాబు కోసం ఎదురుచూసిన సమయం, తర్వాత వారంలో ఆ కోడ్‌కి చేసిన మరమ్మతు, ఇవన్నీ అదే ఖాతాలో వెయ్యాలి. మరమ్మతు కలపకపోతే లెక్క ఎప్పుడూ ఏఐ వైపే తేలుతుంది.

ప్రశ్న: ఇదంతా నేర్చుకునేవాళ్లకి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకి భయమేముంది?

జవాబు: పోలండ్‌లో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసే నాలుగు కేంద్రాల్లో పెద్దపేగు కంతుల్ని గుర్తించే ఏఐని ప్రవేశపెట్టారు. ఆ తర్వాత ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో కంతులు కనిపెట్టిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గిందని 2025లో లాన్సెట్ కుటుంబంలోని ఒక వైద్య పత్రికలో వచ్చింది. అక్కడివాళ్లు కొత్తవాళ్లు కారు, అనుభవం ఉన్న వైద్యులే. అయితే ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనం గనక తగ్గుదలంతా ఏఐ ఖాతాలోనే వెయ్యలేం. రోగుల సంఖ్య, రకం కూడా మారి ఉండొచ్చు.

కంతి ఉన్నచోట ఏఐ తెరమీద ఆకుపచ్చ గడి గీసి చూపిస్తుందిలే అని తెలిస్తే కన్ను తనంతట తాను వెతకడం తగ్గిస్తుందన్నది ఒక వివరణ. అదే నిజమైతే మందు కూడా అక్కడే ఉంది. మీ పని ఏదైనా సరే, అయిదింటిలో ఒకటి ఏఐ ఆపేసి చెయ్యండి. ఏది ఆపాలో ముందే చీటీలతో తేల్చండి, లేకపోతే తేలికైనవాటికే ఆపుతారు. మిగతా నాలుగింటిలో కూడా మీ నిర్ణయం కాగితం మీద పడ్డాకే దాని జవాబు తెరవండి. రెండూ వేరుగా వచ్చిన ప్రతిసారీ తేదీ వేసి, చివరికి ఎవరిది సరైందో రాసి ఉంచండి. మూడు నెలలకోసారి ఆ పుస్తకం తిరగేస్తే మీ చెయ్యి ఎక్కడ జారుతోందో, యంత్రం ఎక్కడ జారుతోందో పేజీ నంబర్లతో సహా కనిపిస్తుంది.