టెక్ సందేహాలు: పద్మినికి ఏ యాప్ వాడాలి?

ప్రశ్న: మా నాన్నగారి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా దగ్గరుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. గుంటూరు బయల్దేరితే మాత్రం ఇరవై నిమిషాలకే ఈడ్చుకుంటూ వెళ్లి ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్లీ మామూలే. మెకానిక్ కార్బొరేటర్ విప్పి కడిగాడు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగేది) కొత్తది వేశాడు. అయినా అంతే. విసిగిపోయి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ తెప్పించాను. తగిలించడానికి సాకెట్ కనిపించడం లేదు. ఎక్కడుంటుంది? ఏ యాప్ మంచిది? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్కానర్ వెనక్కి పంపే గడువు ఇంకా మిగిలుంటే ముందు ఆ పని చూడండి. సాకెట్ ఎంత వెతికినా దొరకదు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ తన సెన్సర్లు చెప్పిన తేడాలను రాసిపెట్టుకుంటుంది, స్కానర్ ఆ రాతను చదివి మీ ఫోన్లో చూపిస్తుంది. పద్మినిలో ఆ కంప్యూటరే లేదు. పెట్రోల్ లాగే పంపుకి కూడా కరెంటు అక్కర్లేదు. ఇంజిన్ తిరుగుతుంటే క్యామ్‌షాఫ్ట్ దాని లివర్‌ని కొడుతుంది, లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) ఆడుతుంది, వెనకాల ఉన్న ట్యాంకు నుంచి పెట్రోల్ కారు పొడవునా పాక్కుంటూ వచ్చి కార్బొరేటర్లో పడుతుంది. ఒకప్పుడు ముంబై పద్మిని టాక్సీలు పెట్రోల్ మీద తిరిగినన్నాళ్లూ తిరిగింది ఇలాంటి పంపుతోనే.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ‘ఇరవై నిమిషాలు’, ‘పావుగంట’ అన్న రెండు మాటలు. మీ మెకానిక్ వాటిని పట్టించుకోలేదనిపిస్తోంది. ఏ భాగం పాడైంది అని అడిగేముందు, ఎప్పుడు ఆగుతోంది అని అడగాలి. కార్బొరేటర్లో పెట్రోల్ కొలతగా వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్‌లో చెత్త ఇరుక్కుంటే టైము చూసుకుని ఆగదు, పావుగంటకి దానంతటది బాగుపడదు. వేడెక్కాక ఆగి, చల్లారాక లేచే బండి మీద నాకు మూడే అనుమానాలుంటాయి: ట్యాంకు మూత, పైపులో ఆవిరి, ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కరెంటు వైపు కండెన్సరో కాయిలో.

ఈసారి ఆగినప్పుడు బానెట్ జోలికి వెళ్లకండి. ఇంజిన్ ఆఫ్ చేసి నేరుగా ట్యాంకు దగ్గరికెళ్లి మూత మెల్లగా తిప్పండి. ‘స్‌స్స్’ మంటూ గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ వెంటనే బండి స్టార్టయిందంటే కేసు అక్కడితో ముగిసింది. పెట్రోల్ ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతకో, ట్యాంకు గాలి గొట్టానికో ఉన్న సన్న రంధ్రం దుమ్ముతోనో పెయింటుతోనో పూడుకుపోతే లోపల శూన్యం పెరుగుతుంది, పంపు ఎంత లాగినా పెట్రోల్ కదలదు. కాసేపటికి గాలి ఎలాగోలా లోపలికి చేరుతుంది, మీరేమో చల్లారింది కాబట్టి నడిచిందనుకుంటారు. డెంటింగ్, పెయింటింగ్ చేయించిన బళ్లలో, పాత మూత పోయి ఏదో మూత బిగించిన బళ్లలో ఇది మామూలే.

మూత దగ్గర శబ్దం లేకపోతే అప్పుడు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ తీయండి. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండాలి, సిగరెట్ దగ్గరికి రాకూడదు. కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లివర్‌ని చేత్తో ఒక్కసారి గట్టిగా లాగండి. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బొరేటర్ అయితే పక్కనున్న ఇత్తడి ముక్కు నుంచి పెట్రోల్ సన్నటి ధారగా చిమ్మాలి. చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే, బండి ఆగింది పెట్రోల్ అందక కాదు. ఇక పాయింట్లు, కండెన్సర్, కాయిల్ చూడమనండి. వేడెక్కితే చేతులెత్తేసి, చల్లారగానే బుద్ధిగా పనిచేసే కండెన్సర్ల వల్ల ఎన్ని కార్బొరేటర్లు ఉత్తపుణ్యానికి విప్పబడ్డాయో లెక్కలేదు.

ధార రాకపోతే చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ పంపు మీద, పక్కనున్న పైపు మీద వేయండి. పాత టాక్సీ డ్రైవర్ల చిట్కా ఇది, మంచి పరీక్ష కూడా. నిమిషం రెండు నిమిషాల్లో లేచిందంటే పైపులో పెట్రోల్ ఆవిరైపోతోందన్నమాట. మన మెకానిక్‌లు దీన్నే ఎయిర్ లాక్ అంటారు. పెట్రోల్లోని తేలిక భాగాలు నీళ్లు మరిగే వేడికి చాలా ముందే మరుగుతాయి, అందులో కలిపే ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల ట్రాఫిక్‌లో పంపు ఒళ్లు అంతకన్నా వేడిగా ఉండటం వింతేమీ కాదు. డయాఫ్రం పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు.

అలా తేలితే గుడ్డ కట్టుకుని తిరగడం పరిష్కారం కాదు. కొత్త పంపు వేసినప్పుడు పంపుకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే మందపాటి దిమ్మను తిరిగి పెట్టారా, ప్యాకింగ్ ఒకటే వేసి బిగించేశారా అని అడగండి. ఆ దిమ్మ ఇంజిన్ వేడిని పంపుకి చేరనివ్వదు, లివర్ ఎంత దూరం కదలాలో కూడా దాని మందమే నిర్ణయిస్తుంది. మీ కేసులో నేను మొదట చూసేది ఇదే, ఎందుకంటే పంపు మార్చాక కూడా బాగుపడలేదని మీరే రాశారు. తర్వాత పైపు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోతోందేమో చూసి పక్కకి జరిపించండి.

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు ముక్కలు కూడా మార్పించండి. ఆ భాగమంతా పీల్పు మీద నడిచేది. అక్కడ పగులొస్తే పెట్రోల్ బయటికి కారకపోవచ్చు, పంపు పెట్రోల్‌కి బదులు గాలి పీలుస్తుంది. కొబ్బరిబోండాం స్ట్రాకి చిల్లుపడితే ఏమవుతుందో అదే. కింద చుక్క కనిపించలేదు కాబట్టి పైపు బాగుందని చాలామంది అక్కడే మోసపోతారు.

ప్రశ్న: పెట్రోల్ అంబాసిడర్ రెండేళ్లుగా షెడ్డులో ఉంది. బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అవుతోంది, ఒకటే పెట్రోల్ వాసన. ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లేనా? ఆన్‌లైన్లో దొరికే అడిటివ్ పోస్తే సరిపోతుందా? – హైదరాబాద్ నుంచి

జవాబు: స్టార్ట్ చేయడం ఆపి ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే పంపు డయాఫ్రం చిరిగి పెట్రోల్ ఇంజిన్లోకి దిగుతుండొచ్చు, ఓవర్‌ఫ్లో అయినది సిలిండర్ల గుండా జారి ఉండొచ్చు. ఆ పల్చబడ్డ ఆయిల్‌తో తిప్పితే బేరింగులు పోతాయి. ఆయిల్ మార్చాకే మిగతా పనులు.

తప్పంతా ఈ20దే అనలేను. నిలవపెట్రోల్ ఏదైనా జిగురు కడుతుంది. ఆ జిగురు ఫ్లోట్ గదిలో, అంటే కార్బొరేటర్ గిన్నెలో, పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్‌ని పట్టేస్తే వాల్వ్ మూసుకోదు, అదే మీ ఓవర్‌ఫ్లో. ఇథనాల్ దానికి మరో రెండు చేరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే వాటితో కలిసి ట్యాంకు అడుగున విడిగా పేరుకుంటుంది, అడుగు రేకు తుప్పు పడుతుంది. పాత రబ్బరును కూడా మెత్తబరిచి ఉబ్బిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ల పైపులు, సీళ్లు 20 శాతం ఇథనాల్‌కి తట్టుకునేలా చేశారు. అంబాసిడర్ తయారీయే 2014లో ఆగిపోయింది.

సీసాడు అడిటివ్ పోసినంత మాత్రాన ఉబ్బిన రబ్బరు తిరిగి మామూలవదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి కడిగించండి. పైపులన్నీ మార్చండి. కొనేటప్పుడు పైపు మీద ‘ఎస్‌ఏఈ జె30ఆర్9’ అని అచ్చు ఉందో లేదో చూసుకోండి, లోపలి పొర ఇథనాల్‌ని తట్టుకునే రకం అది. మీటరు లెక్కన తెంచి ఇచ్చే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం మాత్రం వద్దు, కొన్నాళ్లకే గట్టిపడి క్లిప్పు దగ్గర పగులుతుంది. పంపు కిట్ కొంటే ఎన్నేళ్లుగా షాపులో పడుందో అడగండి. పాత స్టాక్‌లో డయాఫ్రం పాత రబ్బరుదే. జెట్లను కార్బ్ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయాలి. తీగ పెట్టి పొడిచేవాడికి మీ కార్బొరేటర్ ఇవ్వకండి, రంధ్రం ఏమాత్రం పెద్దదైనా ఆ జెట్ పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేక తడబడితే అప్పుడు ఈ20ని అనుమానించండి. కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. పాత జెట్ కొలత పెట్రోల్‌కి సరిపెట్టింది కాబట్టి మిశ్రమం పలచనవుతుంది. ప్లగ్గు రంగు చూసి చెప్పగల మేస్త్రీ దొరికితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచమనండి.

ప్రశ్న: కార్బొరేటర్ మారుతి 800కి ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు కొన్నాను. డబ్బా మీద ‘హై ప్రెషర్’ అని ఉంది. బిగించొచ్చా? – వరంగల్ నుంచి

జవాబు: వద్దు. అది ఇంజెక్షన్ బండి పంపు అయ్యుంటుంది, 40 పీఎస్‌ఐ దాకా తోస్తుంది. మీ కార్బొరేటర్‌కి 3, 4 పీఎస్‌ఐ చాలు. అంతకు మించితే నీడిల్ వాల్వ్ ఆపలేక వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పొర్లుతుంది. తక్కువ ప్రెషర్ రకం కొన్నా, ఇంజిన్ ఆగగానే పంపుకి కరెంటు ఆపే రిలే తప్పక పెట్టించండి. ఇగ్నిషన్‌కి నేరుగా కలిపితే ప్రమాదంలో కారు పల్టీ కొట్టినా అది పెట్రోల్ పోస్తూనే ఉంటుంది.

ప్రశ్న: ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొన్నాను. ఫియట్ ట్యాంకులో తుప్పు ఉందేమో చూడొచ్చా? – కరీంనగర్ నుంచి

జవాబు: ఆలోచన బాగుంది. కానీ చవక కెమెరాలు, వాటి చివర ఎల్‌ఈడీలు పెట్రోల్ ఆవిరిలో వాడటానికి చేసినవి కావు. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం, నిండు ట్యాంకులో కన్నా గాలీ ఆవిరీ కలిసే చోటు అక్కడే ఎక్కువ. ట్యాంకు దించి, కడిగించి, పెట్రోల్ వాసన పూర్తిగా పోయాకే కెమెరా లోపలికి పంపండి. అంత ఓపిక లేకపోతే పంపు ముందు ఫిల్టర్ కొత్తది వేసి, వారం తిరిగాక విప్పి తెల్లకాగితం మీద తట్టండి. ఎర్రటి పొడి రాలితే ట్యాంకు దించక తప్పదు.