అడిగితే ఎత్తిపొడుస్తున్నారు

ప్రశ్న: మొక్కల పెంపకం మీద వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. 400 మంది ఉన్నాం. కొత్తవాళ్లు సందేహం అడిగితే పాతవాళ్లు ‘ఇది కూడా తెలియదా?’ అంటున్నారు. అడిగేవాళ్లే తగ్గిపోయారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ నియమాలు చూడండి. ‘మర్యాదగా ఉండండి’ అని రాస్తే, ఎవరికి వారు మర్యాదగానే ఉన్నామనుకుంటారు. ఫలానాది వద్దని విడమర్చి రాయాలి: ‘అడిగినవారిని ఎత్తిపొడవద్దు. ఇదివరకే చెప్పిన సంగతైతే ఆ పాత మెసేజ్ మళ్లీ పంపండి.’ ఇలాంటివి ఐదారు చాలు. గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టండి.

నోరు జారినవారిని అందరి ముందూ మందలించకండి. పరువు పోయిందనిపిస్తే వెనక్కి తగ్గరు, వాదనకు దిగుతారు. వెంట మరో నలుగురు చేరతారు. అడ్మిన్‌గా ఆ మెసేజ్‌ను అందరికీ డిలీట్ చేసే వీలు మీకుంది. చేసి, విడిగా రాయండి: ‘మీరు చెప్పిన మందు సరైనదేనండీ, మొదటి వాక్యం తీసేసి మళ్లీ పెట్టండి.’ రెండోసారి హెచ్చరిక, మూడోసారి గ్రూపు నుంచి తొలగింపు. ఎంత అనుభవం ఉన్నవారైనా ఇదే లెక్క. ఇక్కడ మొహమాటపడితే మీ నియమాలను ఎవరూ పట్టించుకోరు.

ఇంకొకటి, జవాబే రాకపోయినా కొత్తవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు వంతులు వేసుకుని, ఒక్క రోజులోపు ‘ఆకు వెనకవైపు ఫొటో పంపండి’ అనైనా పలకరించండి.