సమాధానం: అమ్మమ్మ తమిళాన్ని ఆపకండి

మూడేళ్ల పాప తెలుగులో తమిళం కలిపేస్తోందని, ఇంట్లో తమిళం మానమని బడిలో చెప్పారని రాశారు. దయచేసి మానకండి అమ్మా. "తణ్ణి కావాలి" అన్న పాప తికమకపడటం లేదు. తణ్ణి అంటే నీళ్లు; ఆ తమిళ మాటకు తెలుగు క్రియను ఎంత చక్కగా అతికించిందో చూడండి! రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇలా కలపడం మామూలే. మా అబ్బాయి కూడా అంతే. ఎవరితో ఏ భాషో మెల్లగా తానే విడదీసుకున్నాడు.

పాపకు వచ్చిన మాటలను రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. తెలుగువి మాత్రమే చూస్తే తక్కువగానే కనిపిస్తాయి. అప్పటికీ మాటలు వెనకబడ్డాయనిపిస్తే ముందు వినికిడి పరీక్ష చేయించండి. తమిళాన్ని ఆపడం దానికి మందు కాదు.

మన చిత్తూరుకు వేలూరు ఎంత దూరమని? అక్కడి చుట్టాల భాష పాపకు అమ్మమ్మ ఒడిలోనే దొరుకుతోంది. రాత్రి కథ ఆవిడను తమిళంలోనే చెప్పనివ్వండి, మీరు తెలుగులో చెప్పండి.