కాలు పెడితే కిర్రుమనే చెక్క నేల

ప్రశ్న: మా గది చెక్క నేలలో ఒక పలక వదులై, కాలు పెడితే చాలు కిర్రుమంటోంది. మేకు కొట్టినా నాలుగు రోజులకే మళ్లీ మొదలు. మొత్తం పీకించాలా?

జవాబు: అక్కర్లేదండీ. చెక్క తేమకి ఉబ్బి, ఆరాక కుంచించుకుపోతుంటే మేకు పట్టు వదిలేస్తుంది, అప్పుడు పలక ఆ మేకుకో పక్క పలకకో రాసుకుని అరుస్తుంది, అందుకే స్క్రూ వేయడమే మేలు. పాత మేకుల వరస చూస్తే కింద దూలం ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కడ స్క్రూ కన్నా సన్నటి డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి, పలక మీద ఎవరినైనా నిలబెట్టి, స్క్రూ తల కాస్త లోపలికి దిగేదాకా బిగించి, పైన వుడ్ ఫిల్లర్ (చెక్కలో గుంటలు పూడ్చే ముద్ద) పూయండి. కింద వైర్లు, పైపులు ఉన్నాయేమో ముందే చూసుకోండి. పలకలు రాసుకునే చప్పుడే అయితే సందులో టాల్కమ్ పౌడర్ రుద్దినా కొన్నాళ్లు ఊరుకుంటుంది. అన్నట్టు, మీది క్లిక్ లామినేట్ (అంచులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే పలకలు) అయితే స్క్రూ జోలికే పోవద్దు, దాన్ని కదలడానికి వీలుగానే పరుస్తారు.