అలిపిరి ఎక్కిన కాళ్లు, రాకీ పర్వతాల దారి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో కొత్తగా అమెరికా వచ్చినవాళ్లు మొదటి వేసవిలో తరచూ అడిగే మాట ఇది: 'కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు కార్లో వెళ్లి, రెండు రాత్రులు అడవిలో టెంట్ వేసుకుని నడవాలని ఉంది. అలిపిరి మెట్లు ఎక్కే అలవాటుంది. చాలదా?'

కాళ్ల వరకు చాలు. తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు ఆగి ఆగి అయినా ఎక్కేవాళ్లకు నడక కొత్త కాదు. కానీ అలిపిరిలో తలమీద కప్పు ఉంది, దీపాలున్నాయి, దాహమేస్తే కుళాయి ఉంది, ఆకలేస్తే అంగడి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, పైకెక్కిన తర్వాత చాలామంది బస్సులో దిగుతారు. రాకీస్‌లో ఎక్కిన కాళ్లతోనే దిగాలి, దిగేటప్పుడు మోకాళ్లకు పడే దెబ్బే ఎక్కువ. అందుకే 'ఎంత దూరం వెళ్లగలం' అని కాకుండా 'ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి' అని లెక్క మొదలుపెట్టండి. మైలుకు 20 నిమిషాలు, ఎక్కే ప్రతి 1,000 అడుగులకు ఇంకో అరగంట, ఆ మొత్తం మీద బరువుకూ ఎత్తుకూ కలిపి సగం అదనం. వచ్చిన అంకెను కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తిరగాల్సిన సమయమైతే శిఖరం కనిపిస్తున్నా సరే తిరగాలి.

ఇక ఎత్తు. తిరుమల సుమారు 2,800 అడుగులు, హార్సిలీ హిల్స్ 4,100 అడుగుల పైచిలుకు. డెన్వర్ నగరమే 5,280 అడుగుల మీద ఉంది. పార్కు వాకిట్లో ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరు 7,500 దాటుతుంది. బేర్ లేక్ దగ్గర కారు దిగేచోటే 9,475. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదైతే కారే మిమ్మల్ని 12,183 అడుగులకు చేరుస్తుంది. అక్కడ ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతుకు పైగా తక్కువ. డల్లాస్ నుంచి రాత్రంతా వంతులేసుకుని కారు తోలి, నిద్ర లేకుండా పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకోవడం దీనికి పూర్తి విరుద్ధమైన పని. మొదటి రాత్రి డెన్వర్లో, రెండో రాత్రి ఎస్టెస్ పార్క్‌లో పడుకుని, మూడో రోజు నడక మొదలుపెట్టండి. ఆ రెండు రోజులూ మద్యం వద్దు, నీళ్లు బాగా తాగాలి. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం వస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తీరకపోయినా, మడమకు వేలు ఆనించి సరళరేఖలో నడవమంటే తూలినా, మాట తడబడినా, రాత్రి అయినా సరే వెంటనే కిందికి దించాలి. అలాంటివారిని ఒంటరిగా దింపకూడదు. ముందుజాగ్రత్తకు అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, కానీ సల్ఫా మందులు పడనివాళ్లున్నారు కాబట్టి డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు.

మధ్యాహ్నపు ఉరుములను మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. జులై, ఆగస్టు నెలల్లో పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండి, ఒంటిగంటకల్లా మబ్బు కమ్ముతుంది. సుమారు 11,400 అడుగులు దాటితే చెట్లుండవు, అక్కడ అందరికన్నా ఎత్తుగా నిలిచేది మనిషే. ఐదింటికి బయల్దేరి, పన్నెండుకల్లా చెట్లలోకి దిగిపోవాలి. చిక్కుకుంటే గట్టు దిగండి, ఒంటరి చెట్టు కిందికి పోకండి, అందరూ ఒకేచోట గుమిగూడకుండా ఎడంగా ఉండండి.

అడవిలో రాత్రి ఉండాలంటే వైల్డర్‌నెస్ పర్మిట్ తప్పనిసరి. వేసవి తేదీలకు రిజర్వేషన్లు మార్చి 1 ఉదయం కొలరాడో సమయం 8 గంటలకు రిక్రియేషన్ డాట్ గవ్‌లో తెరుచుకుంటాయి, పేరున్న చోట్లు అప్పుడే అయిపోతాయి. మామూలు సైటుకు, అంటే టెంట్ వేసుకునే చోటుకు, ఏడుగురే గరిష్ఠం. పదిమంది స్నేహితుల బృందమైతే గ్రూప్ సైటు వెతకాలి, లేదా రెండుగా విడిపోవాలి. ఇక మే చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా పగటిపూట పార్కు చూడటానికి వచ్చేవాళ్లను టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్, అంటే ఫలానా సమయానికి లోపలికి రావడానికి ముందస్తు అనుమతి, అడుగుతున్నారు. బేర్ లేక్ దారికి వేరే రకం, మిగతా పార్కుకు వేరే రకం, కాబట్టి ఏది కొంటున్నారో చూసి కొనండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు బేర్ లేక్ రద్దీ కన్నా వైల్డ్ బేసిన్ మేలు. నడక 8,500 అడుగుల దగ్గర మొదలవుతుంది, 1.8 మైళ్లకు కెలిప్సో కాస్కేడ్స్, 2.7 మైళ్లకు ఊజెల్ ఫాల్స్, ఆ దారి పొడవునా చిన్న చిన్న సైట్లున్నాయి. ఒళ్లు బాగాలేకపోతే రెండు గంటల్లోపు కారు దగ్గరికి రావచ్చు. ఈ ఒక్క కారణం చాలు దాన్ని ఎంచుకోవడానికి.

ఎలుగుబంట్ల కోసం ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా చెట్లున్న ఎత్తుల్లో బేర్ కానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా, తీసుకెళ్లాలి, ఎస్టెస్ పార్క్‌లో అద్దెకు దొరుకుతుంది. తిండి మాత్రమే అందులో పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఊరగాయ పాకెట్, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, తిన్న కవర్లు, వాసనున్నవన్నీ లోపలికే. రాత్రి దాన్ని టెంట్‌కు 70 అడుగుల దూరంలో కాదు, 70 అంగల దూరంలో, అంటే 200 అడుగుల అవతల పెట్టాలి. మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ నడవండి. గోవింద నామం పలికినా మంచిదే, మృగం ముందే తప్పుకుంటుంది. ఎలుగు కన్నా మూస్ అనే పెద్ద జింకజాతి మృగం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి, పిల్లతో ఉన్న తల్లి అయితే మరీ. మూస్‌కు, ఎలుగుకు 120 అడుగులు, ఎల్క్ అనే మరో పెద్ద జింకకు 75 అడుగులు ఎడం పాటించాలన్నది పార్కు నియమం.

వంట విషయంలో మన అలవాట్లు మార్చుకోవాలి. 10,000 అడుగుల దగ్గర నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. అన్నం పలుకు మిగులుతుంది, కందిపప్పు ఎంతసేపు ఉంచినా మెత్తబడదు, గ్యాస్ అయిపోతుంది. ఇంట్లోనే తాలింపు వేసి వేయించిన ఉప్మా రవ్వ, పలచటి అటుకులు, జావకు రాగిపిండి, నడుస్తూ తినడానికి చెనక్కాయలు, బెల్లం తీసుకోండి. మనిషికి రోజుకు సుమారు 700 గ్రాముల పొడి తిండి సరిపోతుంది. నీళ్లు మరిగించుకోవడం వరకే అయితే ఇద్దరికి రెండు రాత్రులకు 110 గ్రాముల గ్యాస్ డబ్బా చాలు, వంట కూడా చేస్తే 230. ఈ డబ్బా విమానంలో ఏ సామానులోనూ రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. కట్టెల మంటకు చాలా సైట్లలో అనుమతి లేదు.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా కడుపు చెడగొట్టే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ఈ ఎత్తులో మూడు నిమిషాలు మరగనివ్వాలి, లేదా ఫిల్టర్ వాడాలి. గొట్టంలా ఉండే ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకడితే లోపలి దారాలు చిట్లుతాయి, పైకి మాత్రం బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకని రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి. దొడ్డికి వెళ్లడానికి నీటికి, దారికి, టెంట్‌కు 200 అడుగుల అవతల 6 నుంచి 8 అంగుళాల గుంత తవ్వాలి. కాగితం వాడితే కవర్లో వెనక్కి తేవాలి. మనలా నీళ్లు వాడేవాళ్లు సీసాతో నీళ్లు అక్కడికి తీసుకెళ్లాలి తప్ప వాగు ఒడ్డున కడుక్కోకూడదు.

బట్టల్లో జీన్స్, కాటన్ టీషర్టు ఇంట్లో వదిలేయండి. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది, జులైలో కూడా వడగళ్ల వాన తర్వాత వణుకు ఆగని స్థితి వస్తుంది. ఉన్ని, పాలిస్టర్ వాడండి. అమ్మ సర్దిన మంకీ క్యాప్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. రాత్రికి 20 ఫారన్‌హీట్ (సుమారు మైనస్ 7 సెల్సియస్) చలికి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకోవడానికి మంచి ప్యాడ్ ఉండాలి, చలి నేలనుంచే ఎక్కువగా ఎక్కుతుంది. జూన్ చివరి దాకా 10,000 అడుగుల పైన దారిలో మంచు ఉంటుంది.

కారు గురించి కొంచెమే చెబుతాను. పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, ఎస్టెస్ పార్క్‌లోనో గ్రాండ్ లేక్‌లోనో నింపుకోండి. ఈ రెండు ఊళ్లనూ కలిపే 48 మైళ్ల ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మామూలుగా మే చివర్లో తెరిచి, అక్టోబర్ మధ్యలో మూసేస్తారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే బ్రేకులు కాగి పట్టు పోతుంది, తక్కువ గేరు వేయండి. తిరుమల ఘాట్‌లో పైకీ కిందికీ వేరు వేరు దారులు, ఇక్కడ ఎదుటి వాహనం అదే రోడ్డులో వస్తుంది, చాలాచోట్ల అంచుకు గోడ ఉండదు.

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను ఈ రోడ్డు మీద తిప్పాలనుకునేవాళ్లు బీపీ, గుండె, ఊపిరితిత్తుల సంగతి ముందు డాక్టర్‌తో మాట్లాడండి. పైన పదిహేను నిమిషాలే ఉండి దిగండి. 2026 నుంచి అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు నిండినవారికి, వార్షిక పాస్ లేకుంటే, ఈ పార్కులో మామూలు రుసుముపై తలకు 100 డాలర్లు అదనం. వార్షిక పాస్ నివాసులకు 80, ఇతరులకు 250. బడ్జెట్ వేసేటప్పుడు ఇది మరవకండి.

చివరి పని బయల్దేరే ముందు చేయాలి. పార్కులో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అమెరికాలోనే ఉన్న ఒక స్నేహితుడికి దారి పేరు, సైటు పేరు, కారు నంబరు, తిరిగొచ్చే సమయం, ఏ గంట దాటితే పార్కుకు ఫోన్ చేయాలో రాసివ్వండి. తిరుపతిలో ఉన్న నాన్నకు చెప్పడం వేరు, ఇది వేరు: పగలు రాత్రిగా ఉన్న చోటినుంచి ఆయన ఎవరికి ఫోన్ చేయగలరు? కొండ దిగి సిగ్నల్ అందగానే మొదటి ఫోన్ ఆ స్నేహితుడికే చేయండి. లేదంటే మీరు హోటల్లో నిద్రపోతుంటే, సహాయ బృందం లైట్లు పట్టుకుని అడవిలో మిమ్మల్ని వెతుకుతుంటుంది.