విదేశీ యాత్రకు ఎవరి సలహా వినాలి?

ప్రశ్న: మాది తిరుపతి. నేను ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకురాలిని. మావారికి గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజా సామగ్రి దుకాణం ఉంది. ఏడో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, బీపీ, షుగరు ఉన్న 68 ఏళ్ల అత్తగారితో కలిసి మొత్తం అయిదుగురం వచ్చే మే నెలలో వారం రోజులు సింగపూర్, మలేషియా వెళ్లాలనుకుంటున్నాం. ట్రావెల్స్ వారు మనిషికి 85 వేలు చెప్పారు, చేతి ఖర్చుకు మరో 75 వేలు అనుకున్నాం. రిజిస్టరైన సంస్థలో 5 లక్షల చీటీ, 20 నెలలది, ఇప్పుడు తొమ్మిదో నెలలో ఉంది. పాటలు 80 వేల తగ్గింపుతో పోతున్నాయి. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది, నెలకు 15 వేలు మిగులుతుంది. వెళ్లివచ్చిన వారందరినీ అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. నో కాస్ట్ ఈఎంఐ పెట్టమని ఒక సహోద్యోగి, మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము) లేని కార్డు తీసుకోమని మరొకరు, చెన్నైలో డాలర్లు కొని నగదే పట్టుకెళ్లమని మావారి మిత్రుడు అంటున్నారు. సింగపూర్‌లో ఉన్న తమ్ముడేమో "హోటల్ ఖర్చు నేను కడతాను, ఆ రూపాయలు పుత్తూరులో అమ్మ ఖాతాలో వేయండి" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా?

జవాబు: మీకు సలహా ఇచ్చిన వారిలో తమ్ముడి మాట మినహా మిగిలినవేవీ పూర్తిగా తప్పు కావు. అయితే అవన్నీ ఎవరి సెలవులకు, ఎవరి ఆదాయానికి తగినట్టు వారు చేసుకున్న ఏర్పాట్లే తప్ప మీ ఇంటిని చూసి చెప్పినవి కావు. పైగా ప్రయాణాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనవాళ్లు చిన్న మొత్తాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. సాధారణ క్రెడిట్ కార్డు మీద విదేశీ మారకానికి 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడితే మొత్తం 4.13 శాతం అవుతుంది. మీ చేతి ఖర్చు 75 వేలూ ఆ కార్డు మీదే పెట్టినా అదనపు భారం 3,100 రూపాయలు దాటదు. చీటీని ఈ నెలలోనే పాడితే మీరు వదులుకునేది 80 వేలు. కాబట్టి ఏ కార్డు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ముందు ఏ నెల, ఏ డబ్బు అన్నవి తేల్చుకుందాం.

మే నెల మీ సహోద్యోగులకు అనుకూలమైనదే, వారికి సెలవులు కాబట్టి. మీ ఇంట్లో మాత్రం వేసవి అంటే భక్తుల రద్దీ, అంటే దుకాణానికి గిరాకీ. వారం రోజులు షట్టరు దించితే పోయే వ్యాపారాన్ని యాత్ర ఖర్చులో ఎవరూ కలపరు గానీ అదీ ఖర్చే. దసరా సెలవులు బ్రహ్మోత్సవాల సమయంలో వస్తాయి, సంక్రాంతి సెలవులకు అటూ ఇటూ వైకుంఠ ఏకాదశి ఉంటుంది కనుక ఆ రెండూ మీకు కుదరవు. నా ఉద్దేశంలో వచ్చే ఏడాది ఫిబ్రవరి మేలు. దుకాణంలో రద్దీ తగ్గి ఉంటుంది, సింగపూర్‌లో నవంబరు నుంచి జనవరి దాకా ఉండే వానల ఉధృతి అప్పటికి తగ్గుముఖం పడుతుంది, నాలుగు, ఏడు తరగతుల పిల్లలు అయిదారు రోజులు బడి మానినా మునిగిపోయేదేమీ లేదు. మీ కళాశాలలో సెలవు దొరుకుతుందో లేదో ఇప్పుడే కనుక్కోండి. అక్కడి చైనీస్ నూతన సంవత్సరం జనవరి మూడో వారానికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య వస్తుంది. ఆ రోజుల్లో హోటళ్ల ధరలు పెరుగుతాయి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. పండుగ తేదీ చూసుకుని, అది దాటాక బయలుదేరండి.

ఫిబ్రవరికి మార్చుకుంటే చీటీ చిక్కు కూడా చాలావరకు విడిపోతుంది. ట్రావెల్స్ వారికి పెద్ద మొత్తం కట్టాల్సింది డిసెంబరులో, అప్పటికి మీ చీటీ పదిహేడో నెలలో ఉంటుంది. చివరి నెలల్లో పాడేవారు తగ్గిపోతారు కనుక పాట సాధారణంగా నిర్వాహకుల కమీషనుకు దగ్గరగా ముగుస్తుంది. చట్టం ప్రకారం ఆ కమీషను 7 శాతానికి మించకూడదు. ఇవాళ 4 లక్షల 20 వేలు చేతికి వచ్చే చోట అప్పుడు 4 లక్షల 65 వేలకు తక్కువ కాకుండా రావచ్చు. ఇప్పుడు పాడితే మిగిలిన పదకొండు వాయిదాలకు జామీనుదారుల సంతకాల కోసం తిరగాలి, డిసెంబరులో మిగిలేవి మూడే వాయిదాలు. ఇది ఇరుగుపొరుగు వారు వేసే చీటీ అయి ఉంటే చివరిదాకా ఆగమని ఇంత ధైర్యంగా చెప్పేవాడిని కాదు.

మిగిలే 15 వేలను మే నెల నుంచి డిసెంబరు దాకా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే అసలే 1 లక్షా 20 వేలవుతుంది. అడ్వాన్సుకూ చేతి ఖర్చుకూ అది సరిపోతుంది. ఎఫ్‌డీ జోలికి వెళ్లవద్దు. ఒక జీతం, ఒక వ్యాపారం మీద నడిచే ఇల్లు, అందులోనూ షుగరు ఉన్న పెద్దావిడ. ఆ 3 లక్షలు ఆసుపత్రి అవసరానికో, అమ్మకాలు లేని నెలలకో ఉండాలి.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఒక్క మాట. వడ్డీ లేదని చెప్పే చోట చాలాసార్లు ఆ వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము వేరే కట్టాలి. "ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి, రెండు ధరలకూ తేడా వస్తే ఆ తేడాయే వడ్డీ.

సొంతంగా బుక్ చేసుకుంటే చౌక అని కొందరు అంటారు, జంటగా వెళ్లేవారి విషయంలో అది తరచు నిజమే. పెద్దావిడతో, ఇద్దరు పిల్లలతో వెళ్తున్న మీకు ప్యాకేజీయే తగినదని నా అభిప్రాయం, అయితే 85 వేలలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకున్న తరువాతే. అలాంటి కాగితాల్లో మొదటి పేజీలో ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో "ఇందులో చేరనివి" అంటూ జీఎస్టీ, టీసీఎస్ (అమ్మేవారు ముందుగానే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను), వీసా రుసుము, మధ్యాహ్న భోజనాలు, డ్రైవరు టిప్పులు, చెన్నై విమానాశ్రయం దాకా ప్రయాణం వరుసగా కనిపిస్తాయి. అవన్నీ కలిపితే మీరు 5 లక్షలనుకున్నది అయిదున్నర దగ్గర ఆగుతుంది. సింగపూర్‌లో మొదలుపెట్టి బస్సులో కౌలాలంపూర్ చేరుకుని అక్కడి నుంచే చెన్నైకి విమానం ఎక్కించమని అడగండి. దాదాపు 350 కిలోమీటర్ల దారిని రెండోసారి కొలవాల్సిన పని ఉండదు.

పై జాబితాలో టీసీఎస్ ఒక్కటి తిరిగి మీకే లెక్కకు వస్తుంది. విదేశీ ప్యాకేజీల మీద 2023 అక్టోబరు నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం వసూలు చేశారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలయింది, 2026 బడ్జెట్ ఆ పన్నునే పరిమితితో నిమిత్తం లేకుండా 2 శాతానికి తగ్గించింది. మీ ప్యాకేజీకి ఇది సుమారు 9 వేలు. బిల్లు మీ పేరున, మీ పాన్ మీద రాయించండి. జీతం నుంచి పన్ను కోత ఉన్నది మీకే కనుక, ఈ మొత్తాన్ని కార్యాలయంలో తెలియజేస్తే 2024లో వచ్చిన సవరణ ప్రకారం ఆ మేరకు కోత తగ్గించుకోవచ్చు. మావారి పాన్ ఇస్తే పోలేదా అనుకుంటే, రిటర్ను వేసి రిఫండు కోసం ఎదురుచూడాల్సి రావచ్చు.

ఇక తమ్ముడి మాట. అభిమానంతో అన్నదే, కానీ ఒప్పుకోవద్దు. ఆయన అక్కడ డాలర్లు చెల్లించడం, దానికి బదులుగా మీరు ఇక్కడ రూపాయలు జమ చేయడం అంటే అధీకృత డీలరు (విదేశీ మారకానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకు లేదా సంస్థ) ప్రమేయం లేకుండా విదేశీ మారకం జరిపినట్టే. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, 1999 మూడో సెక్షను దీనిని అనుమతించదు. పుత్తూరు ఖాతాలో మీ పేరు మీద జమ కనిపిస్తే అమ్మగారు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. బదులు ఏమీ తీసుకోకుండా ఆయన తన ఇంట్లో రెండు రోజులు ఉంచుకుని భోజనం పెడితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

నగదు విషయంలో మీవారి మిత్రుడి సలహా సగం మాత్రమే తీసుకోండి. డాలర్లు కొని అక్కడ మళ్లీ సింగపూర్ డాలర్లుగా మార్చితే రెండుసార్లు తేడా పోతుంది, కనుక సింగపూర్ డాలర్లు, మలేషియా రింగిట్లు నేరుగా ఇక్కడే కొనండి. విమానాశ్రయం కౌంటరులో రేటు ఎక్కువ ఉంటుంది. విదేశీ కరెన్సీ కొనేటప్పుడు 50 వేల రూపాయలకు మించి నగదుగా చెల్లించడం కుదరదు, మిగతాది బ్యాంకు ద్వారా ఇవ్వాలి. చేతి ఖర్చులో మూడో వంతు నగదుగా, మిగిలినది కార్డు మీద పెట్టుకుంటే చాలు. సింగపూర్ మెట్రోలోనూ బస్సుల్లోనూ కాంటాక్ట్‌లెస్ కార్డును తాకించి ఎక్కవచ్చు, అయితే మీ బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని ముందే ఆన్ చేయాలి. దుకాణంలో కార్డు యంత్రం "రూపాయల్లో చెల్లిస్తారా, సింగపూర్ డాలర్లలోనా?" అని అడిగినప్పుడు తెలిసిన లెక్క కదా అని రూపాయలు నొక్కేవారే ఎక్కువ. అక్కడి కరెన్సీనే నొక్కండి, ఎందుకంటే రూపాయల్లో చూపే ధరలో వారి మార్పిడి తేడా ముందే కలిసి ఉంటుంది.

పిల్లల పాస్‌పోర్టులు సాధారణంగా అయిదేళ్లకే ముగుస్తాయి, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. అవసరమైతే ఈ వేసవి సెలవుల్లోనే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పని ముగించుకోండి. సింగపూర్ వీసా రుసుము 30 సింగపూర్ డాలర్లు, తిరస్కరించినా వెనక్కి రాదు. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనవారిని 30 రోజుల దాకా వీసా లేకుండా అనుమతిస్తోంది గానీ, అది పొడిగింపుల మీద నడిచే వెసులుబాటు కనుక డబ్బు కట్టే ముందు మళ్లీ సరిచూసుకోండి. రెండు దేశాలకూ రాకకు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డులు ఉచితం, రుసుము అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

ప్రయాణ బీమా ప్యాకేజీలో ఉందని అంటే పాలసీ కాగితం చూపమనండి. అత్తగారి బీపీ, షుగరు అందులో నమోదయ్యాయో లేదో, పాత జబ్బులు ముదిరితే వైద్యానికి చెల్లిస్తారో లేదో చదవండి. అవి చేరకపోతే ఆవిడ ఒక్కరికి ఆ రక్షణ ఉన్న పాలసీ విడిగా తీసుకోండి, ఖరీదు కొంత ఎక్కువైనా సరే. మందులు ప్రయాణానికి సరిపడా పైన మరో నాలుగు రోజులకు, డాక్టరు చీటీతో సహా, చెకిన్ పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టించండి.